ఇటలీకి ఇద్దరు వెళ్తుంటే, రైలున్న తీరాన్నే పట్టుకోండి

ఇటలీ వెళ్లే మనవాళ్ల ప్రయాణ పట్టికలు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. రోమ్‌లో రెండు రాత్రులు, ఫ్లోరెన్స్‌లో ఒకటి, పీసా గోపురం దగ్గర గంటసేపు, వెనిస్‌లో ఒకటి, మిలాన్‌లో ఒకటి. మధ్యలో ఎక్కడో ఒక పూట వాయవ్యాన లిగూరియా తీరంలోని చింక్వె తెర్రె, సందు దొరికితే దక్షిణాన అమాల్ఫీ తీరం. హోటళ్లవాళ్లు గది మధ్యాహ్నం రెండు మూడింటికి గానీ ఇవ్వరు, పొద్దున పదింటికల్లా ఖాళీ చేయమంటారు. అంటే ఊరు మారిన ప్రతి రోజూ సగం రోజు వీపు మీద బరువుతోనే గడుస్తుంది. ఒక్కరే వెళ్తే ఆ అలసట ఒక్కరిదే. ఇద్దరు వెళ్తే ఒకరి అలసట రెండోవారి మీద పడుతుంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇద్దరు కలిసి బ్యాక్‌ప్యాక్‌లతో ఇటలీ తిరగాలనుకుంటే రెండు తీరాలు పెట్టుకోవద్దు. ఒక్క తీరం పెట్టుకోండి, అది రైలు పట్టాలున్న లిగూరియా తీరం కానివ్వండి. అమాల్ఫీ కంటే లిగూరియా అందమైనదని నేననడం లేదు. ఇద్దరు మనుషులు పగలు విడిపోయి సాయంత్రం తేలిగ్గా కలుసుకునే వీలు అక్కడ ఉన్నంతగా అమాల్ఫీలో లేదు. ఇద్దరి ప్రయాణం బాగా సాగడానికి ఈ వీలే అన్నిటికంటే ముఖ్యమని నా నమ్మకం.

స్నేహితులైనా, భార్యాభర్తలైనా, అక్కాచెల్లెళ్లైనా ఇద్దరి నడక వేగం ఒకటి కాదు. ఒకరికి కొండదారి కావాలి, ఒకరికి నీళ్లు కావాలి. ఒకరు మ్యూజియంలో ఒక్కో బొమ్మ ముందు పది నిమిషాలు నిలబడతారు, రెండోవారికి ముప్పావుగంటకే కాళ్లు లాగుతాయి. పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా ఒకరి వేగానికి ఒకరు సర్దుకుంటూ పోతే, నాలుగో రోజుకల్లా కాఫీ ఎక్కడ తాగాలనే దగ్గర కూడా మాటా మాటా పెరుగుతుంది. కాస్త ఓపిక పట్టమని ఒకరికొకరు చెప్పుకునే కంటే, రోజులో నాలుగు గంటలు విడిగా గడపగలిగే చోటు ఎంచుకోవడం మేలు.

ఆ వీలు రైలు వల్ల వచ్చింది. జెనోవా నుంచి లా స్పెత్సియా దాకా తీరం వెంట సుమారు 90 కిలోమీటర్ల రైలు మార్గం 1874లో పూర్తయింది. కొండలు నేరుగా సముద్రంలోకి దిగే నేల కాబట్టి దారిలో చాలా భాగం సొరంగాలే. సొరంగానికీ సొరంగానికీ మధ్య దొరికిన కాస్త ఖాళీలో స్టేషన్లు కట్టారు. కమోలి, సెస్త్రి లెవాంతె, బొనస్సోలా, లెవాంతో అన్నిటికీ స్టేషనుంది. ఆ తర్వాత చింక్వె తెర్రె అని పిలిచే ఐదు ఊళ్లు పడమర నుంచి తూర్పుకు వరుసగా వస్తాయి: మోంతెరోస్సో, వెర్నాత్సా, కోర్నీల్యా, మనరోలా, రియోమజ్జోరె. పక్కపక్క ఊళ్ల మధ్య రైలు ప్రయాణం రెండు నుంచి ఐదు నిమిషాలే. పర్యాటకుల కాలంలో లెవాంతోకీ లా స్పెత్సియాకీ మధ్య గంటకు రెండు మూడు రైళ్లు తిరుగుతూనే ఉంటాయి. ఒకరు వెర్నాత్సా నుంచి కోర్నీల్యాకు గంటన్నర కొండ మీద నడిచొస్తారు. రెండోవారు అంతసేపూ వెర్నాత్సా రేవు దగ్గర కూర్చుని, ఆఖరి నిమిషంలో రైలెక్కి ఎదురెళ్తారు. ఎవరూ ఎవరి కోసమూ ఏమీ వదులుకోనక్కర్లేదు.

అమాల్ఫీలో ఇది కుదరదు. అక్కడ రైలు సొర్రెంతోలోనో సాలెర్నోలోనో ఆగిపోతుంది. మధ్యలో పొసితానో, అమాల్ఫీ, ప్రయానో ఊళ్లన్నిటికీ కొండ అంచున ఒకటే రోడ్డు, దాని మీద బస్సు. బస్సు టికెట్ ఎక్కే ముందే, తబాక్కి అని రాసున్న కొట్లో కొనుక్కోవాలి. వేసవిలో బస్సు బయలుదేరిన చోటే నిండిపోతుంది, మధ్య ఊళ్లలో ఆపకుండా పోవడం మామూలే. పడవలున్నాయి, బాగుంటాయి, కానీ సముద్రం కాస్త లేస్తే ఆపేస్తారు. చలికాలంలో చాలావరకు అసలే తిరగవు. ఇలాంటి చోట ఇద్దరూ ఒకే బస్సులో ఒకే సమయానికి కదలాల్సిందే. ఆ తీరానికున్న గొప్పతనాన్ని నేను కాదనను. బొమెరానో నుంచి నొచెల్లె దాకా ఆరేడు కిలోమీటర్లు సాగే దేవతల బాటలాంటి నడక చింక్వె తెర్రెలో ఏదీ లేదు. దానికోసమే వెళ్తే సాలెర్నోలో గది తీసుకోండి. ఫాస్ట్ రైలు నేరుగా అక్కడికే వస్తుంది, అమాల్ఫీకి పడవ అరగంట పైచిలుకు. నడక బొమెరానో వైపు నుంచే మొదలుపెట్టండి, అప్పుడు వాలు మీకు అనుకూలంగా ఉంటుంది. నొచెల్లె నుంచి కిందికి దాదాపు 1,700 మెట్లున్నాయి. మోకాళ్లు అంత గట్టివి కాకపోతే అక్కడి నుంచి ఊరి బస్సు పట్టుకోండి. అలా వెళ్లిన ప్రయాణంలో లిగూరియాను మాత్రం కలపకండి.

లిగూరియా అనుకున్నాక తర్వాతి ప్రశ్న, పడుకోవడం ఎక్కడ? ఫొటోలో చూసిన ఊళ్లో పడుకోవాలని అందరికీ ఉంటుంది. నా సలహా మాత్రం లెవాంతో. చింక్వె తెర్రె ఊళ్లలో గదులు చాలావరకు ఇరుకు మెట్లదారుల చివర, లిఫ్టు లేని మూడో అంతస్తుల్లో ఉంటాయి. కోర్నీల్యా అయితే సముద్రానికి వంద మీటర్ల ఎత్తున ఉంది, స్టేషను నుంచి ఊళ్లోకి దాదాపు 380 మెట్లు. చిన్న బస్సు ఒకటుంది కానీ రైలు దిగిన జనం మొత్తానికీ సరిపోదు. లెవాంతోలో నేల చదును. స్టేషను నుంచి బీచికి పదిహేను నిమిషాల నడక, సూపర్‌మార్కెట్లున్నాయి, బట్టలుతుక్కునే లాండ్రీ ఉంది, గది అద్దె కూడా తక్కువ. మోంతెరోస్సోకు రైల్లో ఒక్క స్టేషను. పైగా జెనోవా వైపు పోవాలన్నా దారి ఇదే. ఫ్లోరెన్స్ నుంచి ఒక్కరోజులో చూసి రావడం అనే పద్ధతికి నేను పూర్తిగా వ్యతిరేకిని. పోను రెండున్నర గంటలు, రాను రెండున్నర గంటలు. చేరేది సరిగ్గా అందరూ చేరే పదకొండింటికి, తిరుగు ప్రయాణమయ్యేది జనం పలచబడే సాయంత్రానికి. ఆ ఊళ్లు బాగుండేది పొద్దున తొమ్మిది లోపూ, సాయంత్రం ఆరు తర్వాతా. లెవాంతోలో ఉంటే ఆ రెండు వేళలూ మీవే.

ఇక చింక్వె తెర్రెలో తిరగడానికి కొనే కార్డు లెక్క. డబ్బు ఎక్కువ వృథా అయ్యేది ఇక్కడే, పైగా ఇద్దరున్నప్పుడు. రెండు రకాల కార్డులమ్ముతారు. ఒకటి నడక దారులకు మాత్రమే, రెండోది దారులతో పాటు లెవాంతో–లా స్పెత్సియా మధ్య రోజంతా రైలుకు కూడా. 2024 నుంచి పర్యాటకుల కాలంలో ఈ ముక్కలో ఒక్కసారి రైలెక్కితే, ఎంత చిన్న దూరమైనా, రోజు రద్దీని బట్టి 5 నుంచి 10 యూరోలు. రైలు కార్డు ధర కూడా రోజును బట్టే మారుతుంది. మామూలు రోజుల్లో ఇరవై దగ్గర, బాగా రద్దీ రోజుల్లో ముప్పై దాటుతుంది. రోజులో నాలుగుసార్లు రైలెక్కేవారికి రైలు కార్డు గిట్టుబాటవుతుంది. పొద్దున మోంతెరోస్సోకు రైల్లో వెళ్లి, వెర్నాత్సా మీదుగా కోర్నీల్యా దాకా నడిచి, సాయంత్రం రైల్లో తిరిగొచ్చేవారికి నడక కార్డూ రెండు విడి టికెట్లూ చాలు. కాబట్టి ఇద్దరూ ఒకే కార్డు కొనాలనే నియమమేమీ పెట్టుకోవద్దు. ముందు రాత్రే ఎవరి రోజు వాళ్లు వేసుకుని, ఎవరి కార్డు వాళ్లు కొనుక్కోండి. కార్డు మీద పేరుంటుంది, ఒకరిది ఇంకొకరు వాడకూడదు.

డబ్బు కట్టాల్సినవి ముఖ్యంగా మోంతెరోస్సో–వెర్నాత్సా, వెర్నాత్సా–కోర్నీల్యా దారులు. మొదటిది మూడున్నర కిలోమీటర్లే కానీ రెండు గంటలు పడుతుంది, ఎక్కుడు మెట్లు ఎక్కువ. రద్దీ రోజుల్లో దాన్ని ఒకవైపే నడవనిస్తారు, ఆరోజు చింక్వె తెర్రె జాతీయ పార్కు ప్రకటన చూసుకోవాలి. రెండోదాన్ని వెర్నాత్సా నుంచే మొదలుపెట్టండి. దారి నేరుగా కోర్నీల్యా ఊళ్లోకే తీసుకెళ్తుంది కాబట్టి ఆ 380 మెట్లూ ఎక్కే పని తప్పుతుంది, స్టేషనుకు దిగితే చాలు. కోర్నీల్యా నుంచి మనరోలాకు కింది దారి ఏళ్లుగా మూసి ఉంది. అందుకని జనం రైలెక్కేస్తారు, నడిచేవాళ్లకు అది పెద్ద నష్టం. పైన వోలాస్త్రా ఊరి మీదుగా ఇంకో దారుంది, డబ్బు కట్టనక్కర్లేదు. సముద్రానికి 300 మీటర్లకు పైగా ఎత్తున ద్రాక్షతోటల మధ్య నుంచే నడుస్తారు. సున్నం, సిమెంటు లేకుండా రాతి మీద రాయి పేర్చి కట్టిన గోడలతో కొండను మెట్లు మెట్లుగా మలిచిన తోటలవి. కోతల కాలంలో ద్రాక్ష గంపలు దింపడానికి ఒంటి పట్టా మీద నడిచే చిన్న యంత్రపు బండ్లు కనిపిస్తాయి. 1997లో యునెస్కో ఈ ప్రాంతాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది రంగురంగుల ఇళ్ల కోసం మాత్రమే కాదు, తరతరాల రెక్కల కష్టంతో నిలిచిన ఈ తోటల కోసం కూడా. రెండున్నర గంటల నడక, చివర మనరోలాకు దిగే మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాలి నొప్పి ఉన్నవారు రైల్లో వెళ్లి మనరోలాలో ఎదురుచూడటమే సరైనది, అందులో మొహమాటపడాల్సిందేమీ లేదు.

రియోమజ్జోరె–మనరోలా మధ్య ప్రేమబాట అనే కిలోమీటరు లోపు దారి 2012లో రాళ్లు పడి మూతపడింది, మళ్లీ 2024లో తెరిచారు. కార్డు మీద అదనపు రుసుము, ముందుగా సమయం బుక్ చేసుకోవడం, ఒకవైపే నడక. నా లెక్కలో అది తప్పనిసరి కాదు. ఆ డబ్బూ సమయమూ వోలాస్త్రాకు పెట్టండి.

పొరపాట్లు జరిగే చోట్లు కొన్ని ముందే తెలిసుంటే మంచిది. వెర్నాత్సాలో ప్లాట్‌ఫాం పొట్టి, రైలు పొడవు. కొన్ని పెట్టెల తలుపులు సొరంగం లోపలే తెరుచుకుంటాయి. ఇంకా స్టేషను రాలేదనుకుని కూర్చుంటే పక్క ఊరికి పోతారు. స్టేషను బోర్డు మీద మీరు దిగే ఊరి పేరుండదు, రైలు ఆఖరి ఊరి పేరుంటుంది. పడమరకైతే లెవాంతో లేదా సెస్త్రి లెవాంతె, తూర్పుకైతే లా స్పెత్సియా చెంత్రాలె. ఇద్దరూ విడిపోయి తిరుగుతున్నప్పుడు ఈ రెండు పేర్లూ ఇద్దరికీ తెలిసుండాలి. సొరంగాల్లో ఫోను సిగ్నలు పోతుంది కాబట్టి "దిగాక ఫోన్ చేస్తాను" అనుకోవద్దు. ఊరు, చోటు, సమయం మూడూ విడిపోయే ముందే అనుకోండి. "మనరోలా స్టేషను దగ్గర" అంటే చాలదు, ఎందుకంటే అక్కడ స్టేషనుకీ ఊరికీ మధ్య పొడవాటి నడక సొరంగముంది. ఏ చివరో చెప్పుకోవాలి. చెప్పులతో కొండదారి ఎక్కితే జరిమానా ఉంది, 2019 నుంచి 50 యూరోలు మొదలు 2,500 దాకా. వేసవిలో దారిలో నీడ తక్కువ, మనిషికి రెండు లీటర్ల నీళ్లు లేనిదే బయలుదేరవద్దు. అక్టోబరు, నవంబరు నెలల్లో లిగూరియాలో కుండపోత వానలు పడతాయి. 2011 అక్టోబరు 25న వెర్నాత్సా, మోంతెరోస్సో వీధులు బురదలో మునిగి ప్రాణాలు పోయాయి. వాన హెచ్చరిక జారీ అయిన రోజు దారులు మూసేస్తారు. ఆ రోజు పక్కదోవ పట్టి ఎక్కాలనుకోవద్దు.

ఐదు ఊళ్లూ చూశాక చాలామంది అక్కడితో ఆపేస్తారు. తీరంలో నాకు మరింత నచ్చేది ఆ ఊళ్లకు పడమరనున్న భాగమే. లెవాంతో నుంచి బొనస్సోలా మీదుగా ఫ్రమూరా దాకా పాత రైలు సొరంగాలను సైకిలు బాటగా మార్చారు. ఐదారు కిలోమీటర్లు, ఎత్తుపల్లాలు లేవు, మధ్యమధ్య సొరంగం తెరుచుకున్న చోటల్లా సముద్రం. ఒకరు సైకిలు తొక్కుతుంటే ఒకరు నడవొచ్చు. లెవాంతో నుంచి మోంతెరోస్సోకు పుంతా మెస్కో కొండ మీదుగా వెళ్లే మూడు గంటల దారికి కార్డు అక్కర్లేదు. పైన పాడుబడిన ఆశ్రమం దగ్గర నిలబడితే ఐదు ఊళ్ల తీరమూ ఒక్క చూపులో వస్తుంది.

కమోలి దగ్గర సాన్ ఫ్రుత్తువోసో మఠం నా వాదనకు దొరికిన మంచి ఉదాహరణ. సముద్రపు వంపులో ఉన్న ఆ పాత మఠానికి రోడ్డు లేదు. పడవలో కమోలి నుంచి అరగంట, కొండదారిన మూడు గంటలు. ఒకరు పొద్దున్నే నడక మొదలుపెడితే, రెండోవారు తీరిగ్గా ఫొకాచ్చా రొట్టె కొనుక్కుని పడవెక్కి, అక్కడి గులకరాళ్ల ఒడ్డున కలుసుకోవచ్చు. కొండదారులు రెండున్నాయి. ఫిరంగి స్థావరాల మీదుగా పోయేదానిలో గొలుసులు పట్టుకుని దాటాల్సిన బండలున్నాయి, అలవాటు లేనివారు పియెత్రె స్త్రెత్తె మీదుగా వెళ్లాలి. ఆఖరి పడవ ఎన్నింటికో దిగగానే చూసుకోండి. మధ్యాహ్నం అలలు లేచి పడవలు ఆగిపోతే, పడవలో వచ్చినవారు కూడా పోర్తొఫీనో వైపు గంటన్నర పైన నడవాల్సి వస్తుంది. అందుకే పడవలో వెళ్లేవారి కాళ్లకు కూడా బూట్లే ఉండాలి.

జెనోవాను మనవాళ్లు రైలు మారే ఊరిగానే చూస్తారు. అది అన్యాయం. కనీసం రెండు రాత్రులివ్వండి. పాత ఊరి సందుల్లో రెండు చేతులు చాపితే రెండు గోడలూ అందే చోట్లున్నాయి. వాటి పక్కనే యునెస్కో 2006లో గుర్తించిన రోల్లి భవనాలు, అంటే పాతకాలపు సంపన్న కుటుంబాల మేడలు. ఊరి తూర్పు చివర బొక్కదాస్సె అనే జాలరిపేట, ఇంకాస్త దూరాన నెర్వీలో సముద్రపు అంచున రెండు కిలోమీటర్ల నడకబాట. పెద్ద స్టేషన్లు రెండు, పియాత్సా ప్రించిపె, బ్రిన్యోలె. గది ఏ స్టేషనుకు దగ్గరో చూసుకుని టికెట్ తీయండి.

శాకాహారులకు ఇటలీ మొత్తం మీద లిగూరియా అంత సుఖమైన ప్రాంతం అరుదు. ఫరినాతా అంటే శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. పెద్ద రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాల్చి, వేడివేడిగా ముక్కలు కోసిస్తారు. పైన మిరియాల పొడి చల్లుకుంటే మన నాలుకకు ఇంకేమీ అక్కర్లేదు. ఇక్కడి ఫొకాచ్చా ఆలివ్ నూనెతోనే చేస్తారు, జెనోవావాళ్లు పొద్దున దాన్ని కాఫీలో ముంచుకుని తింటారు. బంగాళాదుంప, బీన్స్ వేసి పెస్తో అనే బేసిల్ ఆకుల పచ్చడి కలిపిన త్రోఫియె పాస్తా, అక్రోటు గుజ్జుతో వచ్చే పన్సోతి పాస్తా కడుపు నింపుతాయి. ఒక్క జాగ్రత్త. పెస్తోలో వేసే పర్మిజానో, పెకొరీనో జున్నులను జంతువుల కడుపు నుంచి తీసే రెనెట్‌తో విరుస్తారు. అంత నిష్ఠ ఉన్నవారు ఫరినాతా, ఫొకాచ్చా, నేపుల్స్ పద్ధతిలో టొమాటో, వెల్లుల్లి, ఒరెగానో మాత్రమే వేసే మరినారా పిజ్జా దగ్గర ఆగాలి. కూరలు కూరిన వంటకాల్లో మాంసం కలిసుండొచ్చు, కొన్ని చోట్ల సాసులో ఆంచొవీ చేప ఉంటుంది. "సెన్త్సా కార్నె, సెన్త్సా పెష్షె" అని రెండూ చెప్పాలి. మాంసం లేకుండా అని ఒక్కటే చెప్తే చేప వచ్చే ప్రమాదముంది. వంటగదులు మధ్యాహ్నం రెండున్నరకు మూసి రాత్రి ఏడున్నర దాకా తెరవరు. మధ్యలో ఆకలేస్తే ఫొకాచ్చా కొట్టే దిక్కు. ఇంటి నుంచి కందిపొడి తెచ్చుకోండి, ఆవకాయ సీసా వద్దు. నూనె బ్యాగులోకి కారితే ప్రయాణం ఆసాంతం ఆ వాసనే. పాలు, మాంసంతో చేసిన పదార్థాలు యూరప్‌లోకి తేవడం నిషేధం, కాబట్టి పాల మిఠాయిలు కూడా ఇంట్లోనే ఉంచండి.

నగరాల సంగతి త్వరగా చెప్తాను. రోమ్‌కు నాలుగు రాత్రులు, ఫ్లోరెన్స్‌కు మూడు. ఊరు మారే రోజుగా సోమవారాన్ని పెట్టుకోండి. ఆ రోజు ఫ్లోరెన్స్‌లో ఉఫిత్సీ, అకాదెమియా మ్యూజియాలు, రోమ్‌లో బొర్గేసె గ్యాలరీ మూసుంటాయి. వాటికన్ మ్యూజియంకు నెలలో ఆఖరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు సెలవు. కొలోసియం టికెట్ మీద పేరుంటుంది, పాస్‌పోర్టుతో సరిపోలాలి, పెద్ద బ్యాగుతో లోపలికి రానివ్వరు, పెట్టుకునే చోటూ అక్కడ లేదు. పొద్దున ఒక పెద్ద చోటు ఇద్దరూ కలిసి చూసి, మధ్యాహ్నం ఎవరికి నచ్చినవైపు వాళ్లు వెళ్లండి. రోమ్ మెట్రోలో బ్యాంకు కార్డు తాకించి వెళ్లొచ్చు కానీ ఒక కార్డుతో ఇద్దరు వెళ్లడం కుదరదు, ఎవరి కార్డు వాళ్లకుండాలి. వెనిస్ లేకుండా ఎలా అంటారా? వెనిస్‌కు రెండు రాత్రులివ్వగలిగితే ఫ్లోరెన్స్ తీసేసి అది పెట్టుకోండి. ఒక్క పూటకైతే వద్దు. 2024లో మొదలైన ప్రవేశ రుసుము కొన్ని రోజుల్లో పగటిపూట వచ్చిపోయేవారికి వర్తిస్తుంది. ఆ నగరపాలక పరిధిలో, ద్వీపం బయట ఒడ్డునున్న మెస్త్రెలో పడుకున్నా సరే, రుసుము లేదు కానీ మినహాయింపు కోడ్ ముందుగా తీసుకోవాలి.

రైలు టికెట్లు రెండు జాతులు. ఫాస్ట్ రైళ్ల టికెట్ ముందుగా కొంటే బాగా చవక, ఆ రైలుకే చెల్లుతుంది, చవక టికెట్‌కు డబ్బు వాపసు ఉండదు. ప్రాంతీయ రైళ్ల ధర ఎప్పుడు కొన్నా ఒకటే, సీటు నంబరుండదు. తొందరపడి నెల ముందు కొనాల్సిన పనిలేదు. కాగితం టికెట్‌ను ప్లాట్‌ఫాం దగ్గరి యంత్రంలో ముద్ర వేయించాలి, ఫోన్ టికెట్ చెక్-ఇన్ అడిగితే ఎక్కేముందే నొక్కాలి. టికెట్ కొన్నాం కదా అని ఇది మరిస్తే జరిమానా పడుతుంది. ఇద్దరి టికెట్లూ ఒకే ఫోనులో పెట్టుకోవడం చాలామంది చేసే పని. విడిపోయే రోజు ఒకరు టికెట్ లేని ప్రయాణికులవుతారు. రైల్వే సమ్మెలు తరచుగా జరుగుతాయి, ముందే ప్రకటిస్తారు. పనిదినాల్లో సమ్మె ఉన్నా ప్రాంతీయ రైళ్లలో కొన్నిటిని పొద్దున ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య నడపాలన్నది నియమం. ఆ వేళల్లోనే ఊరు మారండి.

బ్యాగు 30–35 లీటర్లది, నిండాక ఏడెనిమిది కిలోలు మించకూడదు. మించితే స్టేషను మెట్ల దగ్గర ఒకరి బ్యాగు రెండోవారు మోయాల్సి వస్తుంది. మందుల పెట్టె, సబ్బు, గొడుగు, ఛార్జర్ల ప్లగ్గు ఇద్దరికీ ఒక్కటి చాలు. పవర్ బ్యాంకు మాత్రం చెరొకటి. ఇటలీలో కరెంటు మనలాగే 230 వోల్టులు. రెండు గుండ్రటి సన్నని పిన్నులున్న మన ఫోన్ ఛార్జర్ నేరుగా పడుతుంది, మూడు పిన్నుల ల్యాప్‌టాప్ ప్లగ్గు పట్టదు. మందపాటి టవలు బదులు నూలు తువ్వాలు పెట్టుకోండి. త్వరగా ఆరుతుంది, చర్చిలోకి వెళ్లేటప్పుడు భుజాలు కప్పుకోవడానికీ పనికొస్తుంది.

డబ్బు విషయంలో ఉమ్మడి పర్సు పద్ధతి నాకు తెలిసినంతలో గొడవలు రాకుండా చూస్తుంది. చెరో 50 యూరోలు వేసి, కాఫీలు, సిటీ బస్సు, రెస్టారెంట్‌లో కూర్చున్నందుకు వేసే కొపెర్తో, హోటలు విడిగా తీసుకునే రాత్రి పన్ను అందులోంచే ఇవ్వాలి. అయిపోతే మళ్లీ సమానంగా వేసుకోవాలి. ఎవరి తిండి ఎక్కువ, ఎవరి తిండి తక్కువ అనే లెక్కలోకి దిగకండి. మ్యూజియాలు, కార్డులు మాత్రం ఎవరివి వాళ్లవి. కార్డు గీకేటప్పుడు యంత్రం రూపాయల్లోనా యూరోల్లోనా అని అడిగితే యూరోలే నొక్కాలి. గది బుక్ చేసేటప్పుడు స్నేహితులైతే రెండు విడి మంచాలని స్పష్టంగా అడగండి. మత్రిమోనియాలె అని రాసుంటే ఒకే పెద్ద మంచం.

భారత పాస్‌పోర్టుతో షెంజెన్ వీసాకు ఇద్దరూ విడివిడిగా దరఖాస్తు పెట్టాలి. 2024 జూన్ నుంచి రుసుము 90 యూరోలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా కావాలి. ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. ఇద్దరి బుకింగులూ ఒకే తేదీలతో, ఒకే ఊళ్లతో సరిపోవాలి. ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ సగం దాకా, లేకపోతే సెప్టెంబరు రెండో సగం మంచి కాలం. సెప్టెంబరులో నీళ్లు ఇంకా వెచ్చగా ఉంటాయి, ఈతకు అదే నయం. ఆగస్టులో ఇటలీవాళ్లందరూ తీరానికే వస్తారు, ఆ నెల వదిలేయండి.

విమానం రోమ్‌లో దిగి, మిలాన్ మల్పెన్సాలో ఎక్కేలా తీసుకోండి. వెనక్కి రోమ్‌కు రావడానికి పట్టే ఒక రోజు మిగులుతుంది. రోమ్ నాలుగు, ఫ్లోరెన్స్ మూడు, లెవాంతో నాలుగు, జెనోవా రెండు, అన్నీ కలిపి పదమూడు రాత్రులు, బ్యాగు సర్దేది నాలుగే సార్లు. పది రాత్రులే ఉంటే ఫ్లోరెన్స్ మొత్తం తీసేసి, రోమ్ నుంచి తీరం వెంట వెళ్లే ఇంటర్‌సిటీలో నేరుగా లా స్పెత్సియా చేరండి, అక్కడి నుంచి లెవాంతోకు ప్రాంతీయ రైలు. లెవాంతో రాత్రులు మాత్రం తగ్గించకండి, వాన వచ్చి దారులు మూసిన రోజుకు బదులుగా ఒక రోజు చేతిలో ఉండాలి. తిరుగు విమానం మధ్యాహ్నం తర్వాతైతే జెనోవా నుంచి పొద్దున బయలుదేరినా అందుతుంది. మిలాన్‌కు గంటన్నర నుంచి రెండు గంటలు, అక్కడి నుంచి విమానాశ్రయం రైలు ఇంకో గంట లోపు. పొద్దుటి విమానమైతే జెనోవాలో రెండో రాత్రి మానుకుని, మిలాన్ సెంట్రల్ స్టేషను దగ్గర గది తీసుకోండి.